పెదవి దాటితే పృథివి దాటుతోంది

సలహా చెబితే కొలువుకు చిక్కు, చెప్పకపోతే ఊరికి నష్టం

ఎల్‌బీ నగర్: పొద్దు పొడవక ముందే ఇబ్రహీంపట్నం, యాచారం వైపు నుంచి సాగర్ రోడ్డు మీదుగా, చౌటుప్పల్, హయత్‌నగర్ వైపు నుంచి విజయవాడ రోడ్డు మీదుగా వచ్చే బస్సులు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కలుస్తాయి. టిఫిను డబ్బాలతో దిగే యువతీ యువకులలో కొందరు, 2018 సెప్టెంబరులో ఇక్కడి దాకా వచ్చిన మెట్రో రైలెక్కి నగరంలోకి వెళతారు. మిగిలినవారు చైతన్యపురి, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్‌లలోని బట్టల దుకాణాలకు, మందుల షాపులకు, ఆసుపత్రులకు, బ్యాంకులకు, కోచింగ్ కేంద్రాలకు చేరుకుంటారు.

రాత్రి ఇల్లు చేరేసరికి వీరికోసం రెండో కొలువు ఎదురు చూస్తుంటుంది. "తమ్మీ, మీ బ్యాంకుల పంట రుణం రెన్యువలుకు ఏం కాగితాలు కావాలె?" "బిడ్డా, ఈ గోలీ షుగరున్నోళ్లు వేసుకోవచ్చునా?" "అన్నా, గ్రూపు పరీక్షకు ఏ పుస్తకం చదవాలె?" అంటూ ఊరివారు అడుగుతారు. పట్నంలో కొలువు చేసే పిల్లవాడంటే ఊరికి అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదనలేక అతడు తనకు తెలిసింది చెబుతాడు. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా అతడు చెప్పిన మాట ఎక్కడి దాకా పోతుందన్న దగ్గరే వస్తున్నది.

రచ్చబండ కాదు, జాతర

వెనుకటి రోజులలో ఇటువంటి ముచ్చట్లు రచ్చబండ దగ్గర పుట్టి అక్కడే ముగిసేవి. విన్నవారు నలుగురు, గుర్తుంచుకున్నవారు ఇద్దరు. ఇప్పుడు అదే జవాబు వాట్సాప్‌లో గొంతుతో సహా నిలిచిపోతున్నది. ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు. అది రచ్చబండ కాదు, జాతర. మేనత్త కొడుకు కోసం చెప్పిన మాటను ఆ మేనబావ ఊరి గ్రూపులో వేస్తాడు. అక్కడి నుంచి పక్క ఊరికి, ఆ ఊరి నుంచి మండలానికి పోతుంది. మూడో రోజున అది మేనేజరు ఫోనులోనే మోగవచ్చు. "మన కంపెనీ పేరు చెప్పి ఇలా మాట్లాడింది ఎవరు?" అన్న ప్రశ్న పుడుతుంది. ఆ తర్వాత సంజాయిషీ నోటీసు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు చెప్పిన మాట ఇంత అక్షరాలా నిజమవుతుందని ఎవరూ ఊహించి ఉండరు.

చదువుకున్న పిల్లలలో కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి యూట్యూబులో, ఇన్‌స్టాగ్రామ్‌లో తమ వృత్తికి సంబంధించిన సలహాలు స్వయంగా పెడుతున్నారు. నర్సు బాలింతల జాగ్రత్తలు చెబుతుంది. బ్యాంకు గుమస్తా ఓటీపీ మోసాల గురించి హెచ్చరిస్తాడు. కోచింగ్ మాస్టారు లెక్కలు సులువుగా చేసే కిటుకు చెబుతాడు. చూసేవారికి ఇవన్నీ ఎంతో ఉపకారం. అయితే చేరిన నాడు సంతకం చేసిన నియామక పత్రంలో, దానితోపాటు ఇచ్చిన నియమావళిలో ఏమి రాసి ఉందో వీరిలో ఎందరు చదివారన్నది ప్రశ్న. ఆ కాగితాలు ఇంగ్లీషులో పేజీలకు పేజీలు ఉంటాయి. ఉద్యోగం దొరికిందన్న ఆనందంలో చూపించిన చోటల్లా సంతకం పెట్టేవారే ఎక్కువ.

యాజమాన్యాల వాదన

యాజమాన్యాలు ఇటువంటి నియమాలు పెట్టడానికి కారణాలు లేకపోలేదు. ఆసుపత్రిలో పనిచేసేవారు రోగి ఎక్స్‌రేను "చూడండి, ఇలా అవుతుంది" అని నలుగురికీ పంపితే, ఆ రోగి పరువు బజారున పడుతుంది. బ్యాంకు ఉద్యోగి "మా శాఖలో ఫలానా రైతుకు ఇంత రుణం మాఫీ అయింది, మీరూ అడగండి" అంటే అది సలహాలాగే కనిపిస్తుంది కాని ఖాతాదారు రహస్యం బయటపడినట్టే. జాతీయ బ్యాంకులకు సంబంధించిన 1970 నాటి చట్టంలోనే ఖాతాదారుల వ్యవహారాలు బయటపెట్టరాదన్న నిబంధన ఉన్నది. ఉద్యోగులు ఆ మేరకు ప్రమాణ పత్రంపై సంతకం చేయాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి అంచెలంచెలుగా అమలులోకి వస్తున్నాయి. సమాచారం కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు ఆ చట్టంలో ఉన్నది. కాబట్టి యాజమాన్యాలు జాగ్రత్తపడటం సహజమే.

సలహా తప్పయితే నష్టపోయేది విన్నవారు. మందుల షాపులో పనిచేసే కుర్రవాడు మంచి మనసుతోనే "ఈ యాంటీబయాటిక్ మూడు రోజులు వేసుకో పెద్దమ్మా" అనవచ్చు. కాని అటువంటి మందులు షెడ్యూలు హెచ్ కింద ఉంటాయి. డాక్టరు చీటీ లేనిదే అమ్మడానికే వీలులేదు. పెద్దమ్మకు చెప్పిన మందును గ్రూపులో చూసిన మరొకరు తమ పసిబిడ్డకు వేస్తే జరిగే అనర్థానికి ఎవరు జవాబుదారీ?

డాక్టర్లకే ఈ విషయంలో కట్టుబాటు ఉండాలని జాతీయ వైద్య కమిషన్ భావించింది. 2023 ఆగస్టు 2న అది ప్రకటించిన నియమాలలో సామాజిక మాధ్యమాల గురించి విడిగా మార్గదర్శకాలు ఉన్నాయి. నలుగురూ చూసే చోట రోగి చికిత్సను చర్చించరాదు, మందులు రాయరాదు, ఎవరైనా అడిగితే నేరుగా గాని ఫోను వైద్యం ద్వారా గాని సంప్రదించమనాలి అన్నది వాటి సారాంశం. అదే నెల 23న ఆ నియమాలన్నిటినీ నిలిపివేశారు. అయినప్పటికీ రోగి అనుమతి లేకుండా ఫొటోలు, వివరాలు ప్రచురించరాదన్న కట్టుబాటు 2002 నాటి నియమాలలోనే ఉన్నదన్నది గమనార్హం.

నర్సీపట్నం చెప్పిన పాఠం

అయితే ఈ నియమాలకు రెండో ముఖం కూడా ఉన్నది. రహస్యం కాపాడటం వేరు, లోపాన్ని కప్పిపుచ్చటం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టివేస్తే ఏమవుతుందో తెలుగువారు కళ్లారా చూశారు.

2020 ఏప్రిల్‌లో కరోనా మొదలైన రోజులలో విశాఖపట్నం జిల్లా నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడుగా ఉన్న డాక్టర్ సుధాకర్, డాక్టర్లకు ఎన్-95 మాస్కులు చాలినన్ని లేవని బహిరంగంగా మాట్లాడారు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. రెండు రోజులలోనే ఆయన సస్పెండ్ అయ్యారు. ఉద్యోగ నియమావళిని అతిక్రమించారన్నది ప్రభుత్వ పక్షం. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కు విరిచి కట్టిన దృశ్యం చూసి జనం నివ్వెరపోయారు. ఆయనను మానసిక చికిత్సాలయానికి తరలించారు. హైకోర్టు జోక్యం చేసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. మరుసటి ఏడాది 2021 మే నెలలో ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

ఆయన చెప్పిన తీరు సరైనదా కాదా అన్న వాదం ఎలా ఉన్నా, మాస్కు లేక పనిచేసే డాక్టరు వల్ల రోగికీ ముప్పేనన్నది కాదనలేని సంగతి. అటువంటి మాట లోపలే ఉండిపోతే నష్టపోయేది ఆసుపత్రికి వచ్చే పల్లె జనమే. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇటువంటి సంగతినే మరో విధంగా చెప్పింది. ఆక్సిజన్, పడకల కొరత గురించి సామాజిక మాధ్యమాలలో మొర పెట్టుకునేవారిపై చర్యలు తీసుకోరాదని, తీసుకుంటే కోర్టు ధిక్కారంగా భావిస్తామని హెచ్చరించింది.

సర్కారు కొలువుకు హద్దులెక్కడ?

మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమావళే ఇప్పటికీ ఆధారం. అది తయారైన నాటికి ఊరంతటికీ ఒక టెలిఫోను ఉంటే గొప్ప. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించరాదన్నది అందులోని కట్టుబాటు. పత్రికలను, రేడియోను దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ మాటలనే ఈనాడు ఫేస్‌బుక్‌కూ వర్తింపజేస్తున్నారు.

అంతమాత్రాన ఉద్యోగంలో చేరిన నాడే పౌరహక్కులు పోయినట్టు కాదు. ప్రభుత్వోద్యోగి అయినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లోనే కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఫేస్‌బుక్ రాత కారణంగా చర్యకు గురైన ఒక ఉద్యోగిని కేసులో 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు కూడా భావప్రకటన స్వేచ్ఛ ఉద్యోగులకూ ఉన్నదని, అయితే నియమావళి హద్దులకు లోబడి ఉండాలని చెప్పింది.

పెద్ద అధికారులకూ ఈ చిక్కు తప్పలేదు. కంచ గచ్చిబౌలి భూముల వివాదం సాగుతున్న 2025 మార్చి 31న, కృత్రిమ మేధతో తయారైన ఒక బొమ్మను ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్ ఎక్స్‌లో తిరిగి పంచుకున్నారు. ఏప్రిల్‌లో గచ్చిబౌలి పోలీసులు ఆమెకు నోటీసు ఇచ్చారు. రెండు వేల మంది పంచుకున్న దానినే తానూ పంచుకున్నానని, వారందరిపైనా ఇదే చర్య తీసుకున్నారా అని ఆమె ప్రశ్నించారు. అంతటి అధికారికే వేలు నొక్కిన పాపానికి నోటీసు వచ్చినప్పుడు, గుమస్తా, నర్సు, కండక్టరు ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పనక్కరలేదు.

మదురైలో ఒక గ్రామీణ బ్యాంకు ఉద్యోగి

తమిళనాడు గ్రామ బ్యాంకులో పనిచేసే ఒక ఉద్యోగి పై అధికారుల నిర్ణయాలను ఎగతాళి చేస్తూ తోటి ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో కొన్ని సందేశాలు పెట్టాడు. బ్యాంకు చార్జిమెమో ఇచ్చింది. అతడు హైకోర్టు మెట్లెక్కాడు. 2023 ఆగస్టులో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం న్యాయమూర్తి జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ ఆ చార్జిమెమోను కొట్టివేశారు. ఉద్యోగులకు తమ కడుపులోని ఉక్రోషం వెళ్లబోసుకునే హక్కు ఉన్నదని, ఇంటి వసారాలో నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే తప్పుకానిది, చట్టానికి లోబడి ఉన్నంత వరకు, అదే నలుగురి వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటే తప్పెలా అవుతుందన్నది తీర్పు సారాంశం.

ఇది మరో రాష్ట్రపు హైకోర్టు తీర్పు. ఇక్కడి కోర్టులు తప్పక పాటించాలన్న నియమం లేకపోయినా, వాదించుకోవడానికి పనికివస్తుంది. అయితే అది మూసి ఉన్న గ్రూపు గురించి, అదీ బ్యాంకు వంటి ప్రభుత్వ రంగ సంస్థలో. అందరికీ కనిపించే ఫేస్‌బుక్ గోడ మీద రాసిన రాతకు ఇదే రక్ష అనుకుంటే పొరపాటు.

కోచింగ్ మాస్టార్ల తిప్పలు

దిల్‌సుఖ్‌నగర్ పేరు చెబితే జిల్లా విద్యార్థులకు ముందు గుర్తుకు వచ్చేది కోచింగ్ కేంద్రాలే. హాస్టలు గదులలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివే పల్లె పిల్లలకు, ఫీజు కట్టలేక ఊరిలోనే ఉండి ఫోనులో పాఠాలు వినేవారికి మాస్టార్ల వీడియోలే గతి. ఆ వీడియోలలో పాఠం ఎంతవరకు, సొంత అభిప్రాయం ఎంతవరకు అన్నది 2023 ఆగస్టులో దేశమంతటా చర్చకు వచ్చింది. ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే అన్‌అకాడమీ సంస్థలో న్యాయశాస్త్రం బోధించే ఒక ఉపాధ్యాయుడు, వచ్చే ఎన్నికలలో చదువుకున్నవారికి ఓటు వేయమని విద్యార్థులకు సలహా ఇచ్చాడు. సంస్థ అతడిని తొలగించింది. తరగతి గది సొంత అభిప్రాయాలకు వేదిక కాదన్నది సంస్థ వాదన. ఓటు గురించి ఆ మాత్రం చెప్పడం తప్పా అని ఎందరో ప్రశ్నించారు.

మాస్టార్లు తెలుసుకోవలసిన మరో సంగతి ఉన్నది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, జీతానికి పనిచేస్తూ ఆ పనిలో భాగంగా తయారు చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే. కేంద్రం కోసం రాసిన నోట్సును మాస్టారు తన సొంత చానెలులో చదివితే పేచీ రావచ్చు. చేరక ముందు రాసుకున్నది మాత్రం ఆయన సొత్తే. ఈ తేడా ముందే ఒప్పందంలో రాయించుకుంటే ఉభయులకూ మంచిది.

దుకాణం పిల్లలకూ చట్టముంది

భావప్రకటన స్వేచ్ఛ అన్నది ప్రధానంగా ప్రభుత్వం మీద ఉన్న హక్కు. ప్రైవేటు దుకాణంలో, ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసేవారికి ఒప్పంద పత్రమే మొదటి ఆధారం. అలాగని యజమాని ఒక వాట్సాప్ మాట పట్టుకుని "రేపటి నుంచి రావద్దు" అంటే వెళ్లిపోవడం తప్ప దారి లేదనుకోనక్కరలేదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం తెలంగాణలోనూ అమలులో ఉన్నది. ఆరు నెలలకు తక్కువ కాకుండా ఎడతెగక పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గాని నెల జీతం గాని ఇవ్వకుండా తొలగించరాదని ఆ చట్టం చెబుతుంది. దుష్ప్రవర్తన అని అంటే విచారణ జరిపి సాక్ష్యం చూపాలి. అన్యాయం జరిగిందనుకుంటే కార్మిక శాఖ అధికారి వద్ద అప్పీలు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. ఆ పత్రం అడిగి తీసుకుని, చదివించుకుని, నకలు ఇంట్లో భద్రపరచుకోవాలి.

ఏది చెప్పవచ్చు, ఏది చెప్పరాదు

పొలం గట్టు తెలిసిన రైతుకు ఈ హద్దు తెలియడం కష్టమేమీ కాదు. సంస్థ తానే బోర్డు మీద రాసి అందరికీ చెప్పిన సంగతిని ఉద్యోగి మళ్లీ చెబితే ముప్పు తక్కువ. రుణానికి కావలసిన కాగితాలు, ఓపీ వేళలు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న హెచ్చరిక ఇటువంటివి. రోగి పేరు, ఖాతాదారు లెక్క, దుకాణం కొన్న ధర, ఇంకా ప్రకటించని నిర్ణయం ఎవరికీ చెప్పరాదు. సంస్థ దుస్తులు, గుర్తింపు కార్డు, బోర్డు కనిపించేలా వీడియో తీస్తే, అది సంస్థే చెప్పినట్టు జనం అనుకుంటారు. "ఇది నా సొంత అభిప్రాయం" అని చెప్పడం మంచిదే గాని, అదొక్కటే గొడుగు కాదు. సొంత చానెలు పెట్టదలచినవారు ముందుగా రాతపూర్వకంగా అనుమతి అడిగితే తర్వాత తలనొప్పి ఉండదు.

కొన్ని సలహాలకు లైసెన్సు కావాలి. ఫలానా షేరు కొనమని ఫీజు తీసుకుని చెప్పాలంటే సెబీ వద్ద నమోదు కావాలి. లోపల జరిగే తప్పును సరిచేయించాలంటే ముందు పై అధికారికి రాసి, ఆ కాగితానికి రశీదు తీసుకోవడం మేలు. ఆ రశీదే రేపటి విచారణలో ఉద్యోగికి అండ.

ఊరి బాధ్యత

ఇంతవరకు ఉద్యోగి జాగ్రత్తలే. ఊరికీ ఒక బాధ్యత ఉన్నది. తన కోసం చెప్పిన మాటను గొంతుతో, పేరుతో, కంపెనీ పేరుతో సహా పదిమందికి పంపేది అడిగినవారే. "మనోడు ఫలానా ఆసుపత్రిలో పనిచేస్తడు, వాడే చెప్పిండు" అన్న ఒక్క ముక్క జోడించడంతో ఆ పిల్లవాడి కొలువు కత్తి మొన మీద నిలబడుతుంది. ఇంటికి నెలనెలా డబ్బు పంపే కొడుకు కొలువును ఊరే తెలియక పోగొట్టినట్టవుతుంది. అడిగినవారు విని ఊరుకోవాలి. పదిమందికి పనికివచ్చే మాట అయితే, పంపవచ్చునా అని చెప్పినవారినే అడగాలి.

అడగవలసిన చోట అడిగితే పిల్లల మీద భారం తగ్గుతుంది. పంట తెగులుకు మందు కావాలంటే కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుకు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు. రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారి ఉన్నారు. ఫోనులో మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి. మందు గోలీ సంగతి మాత్రం డాక్టరునే అడగాలి.

యాజమాన్యాలు కూడా ఒక పని చేయవచ్చు. ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితాలకు బదులు, ఏది మాట్లాడవచ్చో ఏది కూడదో ఒక పేజీ తెలుగులో రాసి చేరిన రోజునే చేతిలో పెట్టవచ్చు. చదివి తెలుసుకోలేని నియమాన్ని తప్పావని శిక్షించడం న్యాయం కాదు. లోపాన్ని చెప్పుకోవడానికి లోపలే ఒక తలుపు తెరిచి ఉంచితే, ఉద్యోగి బజారున పడి అరవవలసిన అవసరమూ రాదు. దుకాణాలను తనిఖీ చేసే కార్మిక శాఖ అధికారులు నియామక పత్రంతోపాటు ఈ తెలుగు కాగితం కూడా ఇచ్చారా అని అడిగితే పని ఇంకా సులువవుతుంది.

ఊరి కోసం నాలుగు మంచి మాటలు చెప్పే పిల్లల నోరు మూయించడం వల్ల ఎవరికీ లాభం లేదు. హద్దు తెలిపి మాట్లాడనిస్తే సంస్థకూ పేరు వస్తుంది, పల్లెకూ మేలు జరుగుతుంది. తెల్లవారి మొదటి బస్సుకు మళ్లీ ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దిగవలసిన ఆ పిల్లలకు కావలసింది ఈ మాత్రం భరోసాయే.